సినిమా పేరు పెట్టండి, అవ్వ పేరు మాత్రం పోనివ్వకండి

మన వాళ్ళ పెళ్ళి పత్రిక చేతికొస్తే నేను ముహూర్తం కంటే ముందు పేర్లు చదువుతాను. కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు పత్రిక తమిళంలోనే ఉంటుంది. పైన తాతల, అవ్వల పేర్లు. నడుమ అమ్మానాయనల పేర్లు. అడుగున చిన్న అక్షరాల్లో పిల్లకాయల పేర్లు వరసగా. పైన వెంకటసామి, పెరుమాళ్, రంగనాయకి, బొమ్మక్క. నడుమ గీత, రేవతి, దివ్య, కార్తీక్. అడుగున హాసిని, వానతి, దేవసేన. ఒక్క కాగితంలో మూడు తరాలు. కాస్త గమనించి చదివితే ఏ తరం ఏ సినిమా హాల్లో కూర్చుందో కూడా తెలిసిపోతుంది.

"సినిమా చూసి బిడ్డకి పేరు పెడతారా" అని పెద్దవాళ్ళు అంటారు. "మీ కాలం పేర్లు ఇప్పుడెవరు పెడతారు" అని చిన్నవాళ్ళు అంటారు. ఈ రెండు మాటలూ ప్రతి బిడ్డ పుట్టినప్పుడూ వింటూనే ఉన్నాను. నా అభిప్రాయం ఇదీ. సినిమా పేరు పెట్టడంలో తప్పేం లేదు. మనలాగా తెలుగు నేలకి బయట తరాలుగా ఉన్నవాళ్ళకి దానివల్ల మేలు కూడా ఉంది. అయితే సినిమా పేర్లు ఇచ్చే చేత్తోనే కొన్ని పేర్లని చంపుతుంది. అలా చచ్చే పేర్లలో మన అవ్వల పేర్లే ఎక్కువ. ఆ లెక్క మనం చూసుకోవట్లేదు.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. నాయన కోవిల్‌పట్టి మనిషి, నూలు మిల్లు పని మీద దావణగెరె పోయి అక్కడే ఉండిపోయాడు. అమ్మ వైపు విరుదునగర్. నేను పదో తరగతి దాకా కన్నడ మీడియం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, సెలవులకి ఊరికి పోతే తమిళం. ఇప్పుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. మూడు లిపుల్లో నా పేరు రాసుకున్నవాడిని, రోజూ ఆఫీసులో 'పేరు' అనే గడిలో ఏం టైపు చేస్తే ప్రోగ్రాం పడిపోతుందో చూసేవాడిని. అందుకే పేర్ల మీద నాకు ఇంత పట్టు.

పేరు కోసం ప్రాణం పోయిన నేల

విరుదునగర్ అసలు పేరు విరుదుపట్టి. 1923లో ఊరివాళ్ళు దాన్ని విరుదునగర్ చేసుకున్నారు. పట్టి అంటే పల్లె, నగర్ అంటే పట్నం. వ్యాపారం పెరిగింది, పేరు కూడా పెరగాలనుకున్నారు. అదే ఊళ్ళో 1956 జూలై 27న శంకరలింగనార్ నిరాహార దీక్షకి కూర్చున్నాడు. ఆయన కోరికల్లో ముఖ్యమైనది మద్రాసు రాష్ట్రానికి తమిళనాడు అని పేరు పెట్టాలని. రెండున్నర నెలలు తిండి లేకుండా ఉండి, అక్టోబర్ 13న ప్రాణం వదిలాడు. ఆ పేరు అధికారికంగా వచ్చింది 1969 జనవరి 14న. ఆయన పోయి పన్నెండేళ్ళు దాటాక.

ఈ నేల మీద పేరంటే తేలిక మాట కాదని చెప్పడానికే ఇదంతా. రాష్ట్రం పేరు కోసం అంత పట్టు పట్టిన ఊళ్ళో ఉంటూ, మన ఇంటి బిడ్డ పేరుని ఆసుపత్రి బెడ్ పక్కన ఫోన్ చూస్తూ ఐదు నిమిషాల్లో తేల్చేస్తున్నాం.

దేవుడు, నాయకుడు, హీరో

మొదటి తరం పేర్లు దేవుడివి, పూర్వీకులవి. కోవిల్‌పట్టి పక్కన ఇడైసేవల్‌లో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ పూర్తి పేరు చూడండి: రాయంగల శ్రీకృష్ణ రాజ నారాయణ పెరుమాళ్ రామానుజం. కృష్ణుడు, నారాయణుడు, పెరుమాళ్ళు, రామానుజులు అందరూ ఒకే బిడ్డ నెత్తిన కూర్చున్నారు. ఆయన ఇంటి మాట తెలుగు, రాసింది తమిళం. అంత పొడుగు పేరుని కత్తిరించి కి.రా. అయ్యాడు. ఆయన 'గోపల్ల గ్రామం' నవల మన వాళ్ళు ఉత్తరం నుంచి కరిసల్ నేలకి వచ్చి కుదురుకున్న కథే. అందులో పాత సంగతులన్నీ చెప్పే ముసలమ్మ పేరు మంగత్తాయారు. మంగ, తాయారు, రెండూ అమ్మవారి పేర్లే.

రెండో దొంతర నాయకులది. బోస్, గాంధి, కామరాజ్ అనే పేర్లు ఆ వైపు ప్రతి వీధిలోనూ వినిపిస్తాయి. కామరాజ్ పుట్టిందే విరుదునగర్‌లో. 1953 మార్చిలో కరుణానిధి తన కొడుక్కి స్టాలిన్ అని పేరు పెట్టాడు. ఎక్కడి రష్యా, ఎక్కడి తిరువారూరు! కాబట్టి బయటి ప్రపంచంలో పేరున్న మనిషి పేరు తెచ్చి బిడ్డకి పెట్టడం సినిమా నేర్పిన అలవాటు కాదు. సినిమా రాకముందే ఆ తలుపు తెరిచి ఉంది. హీరోలు అదే తలుపులోంచి లోపలికి వచ్చారు.

ఈ రెండూ కలిసిన చోటు 1959లో వచ్చిన 'వీరపాండియ కట్టబొమ్మన్'. బి.ఆర్. పంతులు తీశాడు, శివాజీ గణేశన్ వేశాడు. కట్టబొమ్మన్‌ని ఆంగ్లేయులు ఉరి తీసింది 1799 అక్టోబర్ 16న, కోవిల్‌పట్టికి దగ్గరే ఉన్న కయత్తారులో. ఆ పేరు అసలు మన మాటే. వంశానికి మూలపురుషుడు గెట్టి బొమ్ము, తమిళ నోట పడి కట్టబొమ్మన్ అయిందని చెప్తారు. తమిళంలో గ, క రెండింటికీ ఒకటే అక్షరం కదా, గెట్టి కట్ట కావడానికి పెద్ద కష్టం లేదు. సినిమా వచ్చాక ఆ పేరు పాలెగాడి కథల్లోంచి మద్రాసు దాకా పోయింది. తర్వాత కయత్తారులో విగ్రహం పెట్టించింది కూడా శివాజీ గణేశనే. మన తెలుగు పేరుని తమిళనాడంతా గర్వంగా పలికేలా చేసింది ఒక తమిళ సినిమా. సినిమా పేర్లంటే ముఖం చిట్లించే పెద్దవాళ్ళు ఈ సంగతి ఒక్కసారి తలుచుకోవాలి.

హీరో పేరు ఎక్కడ నుంచి వచ్చింది?

ఇంకో తమాషా ఉంది. మనం హీరో పేరు బిడ్డకి పెడతాం. ఆ హీరోకి ఆ పేరు ఎవరు పెట్టారు? బెంగళూరులో పెరిగి, నాలాగే కన్నడ మీడియంలో చదివిన శివాజీరావు గైక్వాడ్‌కి రజనీకాంత్ అని పేరు పెట్టింది దర్శకుడు బాలచందర్. ఆ పేరు ఆయనే తీసిన 'మేజర్ చంద్రకాంత్' అనే 1966 సినిమాలో ఒక పాత్రది. అంటే రజనీకాంత్‌ది కూడా సినిమా పేరే! శరవణన్‌కి సూర్య అని పేరొచ్చింది 1997లో 'నేరుక్కు నేర్'తో, అప్పటికే ఇంకో శరవణన్ నటుడు ఉన్నాడని. మా కన్నడ దేశంలో రాజ్‌కుమార్ పుట్టు పేరు ముత్తురాజు. ఆయన చిన్న కొడుకు పునీత్ మొదటి పేరు లోహిత్. 2021 అక్టోబర్ 29న పునీత్ పోయాక ఎంతోమంది తమ బిడ్డలకి ఆ పేరు పెట్టుకున్నారు. లోహిత్ అని ఎవరూ పెట్టలేదు.

ఇందులో నాకు కనిపించేది ఒకటే. జనం పేరు వెనక మనిషిని చూసి పెడతారు, మనిషి వెనక కథని చూసి పెడతారు. కథ లేని పేరు ఎంత అందంగా ఉన్నా గాలిలో తేలుతుంది. ఈ మధ్య ఇంటర్నెట్ జాబితాల్లోంచి దిగుతున్న పేర్లు అలాంటివి. రెండు మూడు అక్షరాలు, చివర 'శ్' లేకపోతే 'క్ష్', అర్థం అడిగితే విష్ణుమూర్తి. ఏ పేరు అడిగినా విష్ణుమూర్తే. వాటికంటే సినిమా పేరు నయం. కనీసం "మీ అమ్మా నేనూ కలిసి చూసిన మొదటి సినిమా" అని చెప్పుకోవడానికి ఒక మాట ఉంటుంది.

సరిహద్దులో ఉన్నవాళ్ళకి ఒక లాభం

1957లో 'మాయాబజార్' తెలుగులోనూ తమిళంలోనూ వచ్చింది. తెలుగులో సావిత్రి శశిరేఖ. తమిళంలో అదే సావిత్రి, అదే పాత్ర, కానీ పేరు వత్సల. సరిహద్దు దాటగానే పేరు మారింది. 1978లో బాలచందర్ 'మరో చరిత్ర' మద్రాసులో తెలుగులోనే, డబ్బింగ్ లేకుండా ఏడాదికి పైగా ఆడింది. తమిళ అబ్బాయి బాలు, తెలుగు అమ్మాయి స్వప్న. అదే స్వప్న అనే పేరు 2003లో 'ఒక్కడు'లో మళ్ళీ వచ్చింది. మరుసటి ఏడు దాన్నే తమిళంలో 'గిల్లి'గా తీస్తే స్వప్న కాస్తా ధనలక్ష్మి అయింది. మళ్ళీ పేరు మారింది.

2006 'బొమ్మరిల్లు' చూడండి. జెనీలియా వేసిన పాత్ర హాసిని. 2008లో తమిళంలో 'సంతోష్ సుబ్రమణియం' తీసినప్పుడు ఆమే వేసింది, పేరు కూడా హాసినే. 2010లో గౌతమ్ మేనన్ తెలుగులో 'ఏ మాయ చేసావె', తమిళంలో 'విణ్ణైత్తాండి వరువాయా' ఒకే రోజు విడుదల చేశాడు. రెండింటిలోనూ కార్తీక్, జెస్సీ. ఆ తర్వాత 'బాహుబలి', 'పుష్ప' వచ్చేసరికి ఏ భాషలో చూసినా అవే పేర్లు.

తెలుగు నేలలో ఉన్నవాళ్ళకి ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. మనకి మాత్రం పెద్దదే. మా తరంలో తెలుగు ఇంటి పిల్లకి శశిరేఖ అని పెడితే బడిలో "అదేం పేరు" అనేవాళ్ళు. ఇప్పుడు హాసిని అని పిలిస్తే కోవిల్‌పట్టిలో పిన్నికీ తెలుసు, బెంగళూరులో పక్కింటివాళ్ళకీ తెలుసు, గుంటూరులో ఉన్న వియ్యంకులకీ తెలుసు. బిడ్డ ఏ ఊరికి పోయినా తన పేరుకి వివరణ ఇచ్చుకోవాల్సిన పని లేదు. మూడు భాషల మధ్య బతికే ఇంటికి ఇది చిన్న సుఖం కాదు.

కళుగుమలై మీద ఉన్న ఇద్దరు హీరోయిన్లు

ఇంకాస్త తవ్వితే మరో సంగతి బయటపడుతుంది. 'బాహుబలి'లో హీరోయిన్ దేవసేన. 'పుష్ప'లో హీరోయిన్ శ్రీవల్లి. ఈ రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి చదవండి. ఆంధ్రాలో సుబ్రహ్మణ్యస్వామి గుడి బోర్డు మీద ఏముంటుంది? శ్రీవల్లీ దేవసేనా సమేత. కోవిల్‌పట్టి నుంచి బస్సెక్కితే అరగంట ముప్పావుగంటలో కళుగుమలై. అక్కడ మురుగన్‌కి అటు వళ్ళి, ఇటు దెయ్వానై. దెయ్వానై అంటే దేవసేనే. కోవిల్‌పట్టి ఊరి అమ్మవారు శెణ్బగవల్లి, ఆమె పేరులోనూ వల్లి ఉంది, సంపెంగ తీగ. మన చిన్నమ్మల్లో, అత్తల్లో శెణ్బగవల్లి అనే పేరున్నవాళ్ళు ఎంతమంది లేరు!

అంటే హైదరాబాద్‌లో తయారై వచ్చిందనుకుని మనం తీసుకుంటున్న పేరు మన ఊరి గుట్ట మీద ముందునుంచీ ఉంది. సినిమా దాని మీద దుమ్ము దులిపి చూపించింది, అంతే. శ్రీవల్లి అని పెట్టదలిచిన తల్లిదండ్రులకి నేను చెప్పేది: పెట్టండి, కానీ బిడ్డకి సినిమా పాట ఒక్కటే చూపించకండి. కళుగుమలై తీసుకుపోయి వళ్ళిని కూడా చూపించండి. సినిమా పదేళ్ళకి పాతబడుతుంది. ఆ గుట్ట పాతబడదు.

విరుదునగర్ జిల్లాలో శ్రీవిల్లిపుత్తూరు ఉంది. ఆండాళ్ పుట్టిన ఊరు. కృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద' రాసింది ఆ గోదాదేవి కథనే. తమిళ ఆడబిడ్డ కథ, తెలుగు కావ్యం, రాసింది కర్ణాటక విజయనగరం రాజు. మనలాంటి కుటుంబాలకి ఇంతకంటే సరిపోయే పేరు ఇంకోటి ఉంటుందా? గోద అని ఎవరూ పెట్టట్లేదు. ఎందుకంటే ఇంకా ఏ పెద్ద హీరో పక్కనా ఆ పేరుతో హీరోయిన్ నడవలేదు.

సినిమా చంపే పేర్లు

ఇక రెండో వైపు. తమిళనాడులో జక్కమ్మ అనే పేరు చెప్పి చూడండి. పది మందిలో ఎనిమిది మంది నవ్వుతారు. తెల్లవారుజామున డమరుకం వాయించుకుంటూ జోస్యం చెప్పే కుడుకుడుప్పైవాడు "జక్కమ్మ చెప్తోంది" అంటాడు కదా, సినిమాల్లో, టీవీల్లో ఆ మాటని కామెడీ చేసి చేసి అరగదీశారు. జక్కమ్మ ఎవరు? పాంచాలంకురిచ్చిలో కట్టబొమ్మన్ వంశం కొలిచిన దేవత. ఉరికంబం ఎక్కినవాడి ఇలవేల్పు. కట్టబొమ్మన్ పేరుని ఆకాశానికెత్తిన సినిమానే ఆయన అమ్మవారి పేరుని నవ్వులపాలు చేసింది.

ఇది ఒక్క జక్కమ్మ కథ కాదు. తెలుగు సినిమాలో సుబ్బమ్మ అంటే వంటమనిషి, తమిళంలో మునియమ్మ అంటే పనిమనిషి. హీరోయిన్ పేరు ఇంకోలా ఉంటుంది. నలభై ఏళ్ళు అలా చూశాక ఏ తల్లి తన బిడ్డకి ఆ పేరు పెడుతుంది? "అవ్వ పేరు పాతగా ఉంది" అని మనం అనుకుంటాం. నా మాట వేరే. పాతదైతే జానకి కూడా పాతదే. 2018లో '96' వచ్చాక జాను అని పిలుచుకోవడం ఎంత ముద్దొచ్చింది! అదే ఏడు 'మహానటి' వచ్చాక సావిత్రి అనే పేరుకి మళ్ళీ వెలుగొచ్చింది. పాతదనం సమస్య అయితే ఇవి తిరిగొచ్చేవి కావు. సమస్య ఆ పేరుని తెర మీద ఏ మనిషికి పెట్టారన్నదే. 1997లో దాసరి 'ఒసేయ్ రాములమ్మ' తీసి విజయశాంతిని నిలబెడితే, అప్పటిదాకా పాలేరు ఇంటి పేరుగా చూసిన రాములమ్మ ఒక్కసారిగా పులి అయింది. జక్కమ్మకి, బొమ్మక్కకి అలాంటి రోజు రాలేదు. వస్తుందని ఎదురుచూస్తూ కూర్చుంటే ఈలోగా ఆ పేరున్న చివరి మనిషి కూడా పోతుంది.

మా ఇంట్లో ఆ చివరి మనిషి పోయింది. నాయనని కన్న తల్లి పేరు జక్కమ్మ. ఆమెకి మునిమనవలు, మునిమనవరాళ్ళు కలిపి పదకొండు మంది. ఒక్కరికీ ఆ పేరు లేదు. నేను పేర్లన్నీ రాసి చూశాను: నాలుగు సినిమా పేర్లు, ఐదు ఇంటర్నెట్ పేర్లు, రెండు జోస్యుడు చెప్పిన అక్షరం మీద వెతికినవి. ఆమె కరిసల్ చేలో పత్తి ఏరి నలుగురు బిడ్డల్ని పెంచింది, ఆ పత్తి పనే నాయనని మిల్లు దాకా, నన్ను దావణగెరె బడి దాకా తెచ్చింది. ఇప్పుడు ఆమె పేరు రేషన్ కార్డులో కొట్టివేత, సమాధి రాయి మీద ఒక గీత. అంతే. మా తమ్ముడి ఇంట్లో వచ్చే నెల మళ్ళీ పేరు పెట్టే వేడుక ఉంది. మరదలు వానతి అంటోంది, 'పొన్నియిన్ సెల్వన్' చూసినప్పటి నుంచి ఆ పిల్లకి అదే ఇష్టం. నాయన ఏమీ అనడు. జక్కమ్మ అని అడిగితే కోడలు బాధపడుతుందేమోనని ఆయన నోరు తెరవడు. ఆ మౌనం నాకు నచ్చలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

మన వాళ్ళకి ముందునుంచీ రెండు పేర్లు

దీనికి దారి మన ఇళ్ళల్లోనే ఉంది. పాత రోజుల్లో కోడలు అత్త పేరు నోటితో పలకకూడదు. మరి బిడ్డకి అవ్వ పేరు పెడితే ఎలా పిలవాలి? ఎలా తిట్టాలి? అందుకే పెట్టిన పేరు ఒకటి, పిలిచే పేరు ఒకటి. పెట్టిన పేరు వంశానికి, పిలిచే పేరు ఇంటికి. పాప, చిట్టి, బుజ్జి అన్నీ అలా వచ్చినవే. 'కేజీఎఫ్' రాకీకి కూడా అసలు పేరు రాజా కృష్ణప్ప బైర్య. పోస్టర్ మీద రాకీ, ఇంటి లెక్కలో కృష్ణప్ప. మనం మళ్ళీ అదే చేయొచ్చు, ఈసారి సర్టిఫికెట్‌లోనే.

మా పనిలో రోజూ చూసే సంగతి చెప్తాను. ఏ ఫారం తీసినా మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులుంటాయి. తమిళనాడులో మనం ఇంటిపేరు ఎప్పుడో వదిలేసి, నాయన పేరు మొదటి అక్షరం ఇనిషియల్‌గా పెట్టుకున్నాం. పాస్‌పోర్ట్ ఇనిషియల్‌ని ఒప్పుకోదు, విడమరిచి రాయమంటుంది. ఒకే పేరుతో పాస్‌పోర్ట్ ఉంటే అమెరికా వీసాలో మొదటి పేరు గడిలో 'ఎఫ్‌ఎన్‌యూ' అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. తల్లీతండ్రీ ముద్దుగా పెట్టిన బిడ్డకి పేరు తెలియదట! అంటే ప్రపంచమే మనల్ని ఇంకో పేరు అడుగుతోంది. ఆ ఖాళీలో అవ్వ పేరు ఎందుకు పెట్టకూడదు? వానతి జక్కమ్మ. హాసిని రంగనాయకి. బడిలో టీచర్ వానతి అనే పిలుస్తుంది, ఎవరూ నవ్వరు. కాగితం మీద మాత్రం అవ్వ బతికి ఉంటుంది. నాయన పేరు ఎలాగూ ఇంటిపేరు గడిలోకి పోతుంది, ఆయనకీ లోటు లేదు.

తొందర కూడా అక్కర్లేదు. జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పేరు లేకుండానే పుట్టుక నమోదు చేయించుకోవచ్చు. తర్వాత పన్నెండు నెలల్లోపు పేరు చేర్చడానికి రుసుం లేదు, ఆ పైన ఆలస్య రుసుముతో పదిహేనేళ్ళ దాకా చేర్చొచ్చు. కాకపోతే 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకి బడికీ, పాస్‌పోర్ట్‌కీ, ఓటుకీ జనన ధృవపత్రమే ఆధారం. అందులో ఒకసారి పడ్డ పేరుని మార్చడం తలనొప్పి. కాబట్టి ఆ వారం ఏ సినిమా ఆడుతుందో దాన్ని బట్టి రాయించేయకుండా, నాలుగు నెలలు బిడ్డని పిలిచి చూసి అప్పుడు రాయించండి.

ఆ నాలుగు నెలల్లో ఏం చూడాలి? నేనైతే నాలుగు పరీక్షలు పెడతాను.

ఒకటి, ఇంట్లో అందరికంటే పెద్దామె ఆ పేరుని పిలవగలగాలి. ఋత్విక్ అని ఆమె నోట రాకపోతే, ఆమె ఇంకో పేరు పెట్టేసుకుంటుంది. హాసిని అయితే ఆసిని అంటుంది, అది పరవాలేదు, నవ్వు పోదు.

రెండు, ఆ పేరుని తమిళంలో రాసి, తెలుగు తెలియని వాళ్ళ చేత చదివించాలి. భవ్య పవ్య కావచ్చు, గగన్ కగన్ కావచ్చు. కన్నడంలో, తెలుగులో ఈ బాధ లేదు, తమిళంలో ఉంది, మనం ఉన్నది అక్కడ. వల్లి అనే పేరు మూడు లిపుల్లోనూ చెక్కు చెదరదు.

మూడు, సినిమా పోస్టర్ తీసేసినా ఆ పేరు నిలబడాలి. రేపు ఆ హీరో సినిమాలు ఆడకపోయినా, ఏదో గొడవలో పడినా, బిడ్డ పేరుకి మచ్చ రాకూడదు. జానకి నిలబడుతుంది. దేవసేన నిలబడుతుంది.

నాలుగు, అన్నిటికంటే ముఖ్యమైనది. బిడ్డకి పదేళ్ళు వచ్చాక "నాకెందుకు ఈ పేరు పెట్టావు నాయనా" అని అడిగితే, మన దగ్గర రెండు నిమిషాల కథ ఉండాలి. "అప్పుడు అందరూ పెడుతున్నారు" అనేది కథ కాదు.

కొందరు అంటారు, చనిపోయిన వాళ్ళ పేరు మోయించి పిల్లల మీద బరువు పెట్టడమెందుకని. నిజమే, బరువు పెట్టకూడదు. పిలిచే పేరు బిడ్డది, అది కొత్తదిగా, తేలికగా, ఇష్టమైనదిగా ఉండనీయండి. రెండో పేరు జేబులో పెట్టిన చిరునామా లాంటిది. దారి తప్పని రోజుల్లో దాని పని లేదు. మూడు రాష్ట్రాలు, నాలుగు భాషలు మారిన కుటుంబాలకి మాత్రం ఏదో ఒక రోజు పని పడుతుంది. ఇంకొందరు అంటారు, ఆడవాళ్ళ పేరు చివర పెట్టడం మన వాళ్ళల్లో లేదని. ఇనిషియల్ కూడా ఒకప్పుడు మన వాళ్ళల్లో లేదు. వచ్చిన ఊరిని బట్టి నేర్చుకున్నాం. ఇదీ నేర్చుకోవచ్చు.

ఈ ఆదివారం మీ ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి. అవ్వ అమ్మ పేరేంటి, ఆమె అమ్మ పేరేంటి అని అడగండి. మగవాళ్ళ పేర్లు ఏడు తరాలు చెప్పేవాళ్ళు కూడా ఆడవాళ్ళ పేర్ల దగ్గర రెండో తరానికే ఆగిపోతారు, మీరే చూస్తారు. దొరికిన పేర్లు తమిళంలో కాకపోతే కన్నడంలో, తెలుగులో, మీకు వచ్చిన లిపిలో రాసి పెట్టండి. మరదలికి వానతి ఇష్టమైతే వానతే పెట్టుకోనివ్వండి, మంచి పేరు. దాని పక్కన ఒక్క మాటకి చోటు అడగండి. నాయనల తరం అడగలేకపోతే మనం అడుగుదాం.